మా ఇంట్లో మాత్రమే ఆడే డిస్కు

ఆదివారం పొద్దున్నే తలుపు తట్టేవాళ్ళు మంచి వార్త తెస్తారంటే ఆ అమ్మ ఒప్పుకోదు. పాలవాడైతే గంట కొడతాడు. పక్కింటావిడైతే వంటగది కిటికీలోంచే పిలుస్తుంది. ఇలా మెల్లగా, ఆగి ఆగి తట్టారంటే చెప్పలేని విషయమేదో చెప్పడానికి వచ్చినవాళ్ళే అయి ఉండాలి. ఆమె భర్త లారీ డ్రైవరు. నిన్న ఫోన్ చేసి కొండదారి ఎక్కుతున్నానన్నాడు. ఒక్కగానొక్క కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వాడు లోపలి గదిలో ముసుగుతన్ని పడుకున్నాడని తెలిసినా, తలుపు దాకా వెళ్ళేలోగా ఆమె వాణ్ణి రెండుసార్లు లిఫ్టు గుంతలో పడేసి, ఆసుపత్రిలో చేర్పించి, మళ్ళీ ఇంటికి తెచ్చుకుంది.

తలుపు తీస్తే ఒక అమ్మాయి. భుజానికి సంచి, చేతిలో ఒక డిస్కు.

"వీడియో క్యాసెట్లు డిస్కులోకి ఎక్కించే ఇల్లు ఇదేనాండీ? ఫోటో స్టూడియో ఆయన అడ్రసు చెప్పారు."

"ఇదేనమ్మా. ఏమైంది?"

"ఏమీ కావట్లేదండీ. అందుకే వచ్చాను."

"అదేమిటి తల్లీ?"

"డిస్కు పెడితే టీవీ నల్లగా ఉంటోంది. అసలు డిస్కే లేదంటోంది."

క్యాసెట్లు తీసుకుని డిస్కులు చేసివ్వడం కొడుకు సాయంత్రాలు చేసే పని. స్టూడియో ఆయన జనం దగ్గర క్యాసెట్లు తీసుకుని వీడికి పంపిస్తాడు. ఇంట్లో కూర్చుని చేసుకునే పనే కదా, లిఫ్టు గుంత కన్నా నయమని ఆమె ఒప్పుకుంది. ఇప్పుడు ఇది మెడకు చుట్టుకునేలా ఉంది.

"ఒరేయ్ నాన్నా, లేరా. ఎవరో అమ్మాయి వచ్చింది. డిస్కులో ఏమీ లేదట. ఇప్పుడు కేసు పెడితే మన గతేమిటి?"

"నేను కేసు పెడతాననలేదండీ," అంది అమ్మాయి కంగారుగా.

"నువ్వు అనలేదమ్మా. నేను అనుకున్నాను."

కొడుకు కళ్ళు నులుముకుంటూ వచ్చాడు. జుట్టు చీపురుకట్టలా లేచి ఉంది. తొందరలో చొక్కా తిరగేసి తొడుక్కున్నాడు. అమ్మాయి ఆ చొక్కా వంక ఒకసారి చూసి, పెదవులు బిగించి, గోడ మీద గడియారం వైపు తిరిగింది.

"దీన్ని ఎక్కించింది మీరేనా?"

"క్యాసెట్టు లోంచి కంప్యూటర్లోకి నేను ఎక్కిస్తాను. పగలు నేను పనిలో ఉంటాను కాబట్టి, కంప్యూటర్ లోంచి డిస్కులోకి అమ్మ ఎక్కిస్తుంది."

"అయితే తప్పు ఎవరిది?"

"మీ ప్లేయర్‌ది."

"మా ప్లేయర్‌ నిన్నటి దాకా బుద్ధిమంతురాలే. మీ డిస్కు పెట్టాకే దానికి చెడ్డపేరు వచ్చింది."

అతను ముందుగదిలో బల్ల మీదున్న కంప్యూటర్ మీంచి పూలగుడ్డ తీశాడు. దుమ్ము పడితే పేలుతుందేమోనని అమ్మ కప్పిన గుడ్డ అది. డిస్కు లోపలికి వెళ్ళింది. గిర్రున తిరిగింది. ఒక్క క్షణం తర్వాత ఇల్లంతా ఒక గొంతు నిండిపోయింది.

"ప్రయాణికులకు మనవి. మూడో నంబరు ప్లాట్‌ఫారం మీదున్న బస్సు మరికొద్ది నిమిషాల్లో బయలుదేరుతుంది. తొందరపడకండి. అందరికీ చోటుంది."

తెర మీద ఒక గాజుగది. మైకు ముందు సన్నమీసాల మనిషి. ఒళ్ళో రెండు జడల పాప.

"చూశారా? ఆడుతోంది," అన్నాడు అతను గెలిచినవాడిలా. వెనక్కి తిరిగేసరికి ఆ గెలుపు కాస్తా గొంతులోనే ఉండిపోయింది. అమ్మాయి కళ్ళ నిండా నీళ్ళు.

అమ్మ గబగబా వెళ్ళి ఆమెను కుర్చీలో కూర్చోబెట్టింది. "ఏమైందమ్మా? ఆయన... ఉన్నారా?"

"ఉన్నారండీ. మా నాన్న. బస్టాండులో అనౌన్సరు. మొన్నామధ్య గొంతుకి పెద్ద ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది గానీ మాట పోయింది. పలక మీద రాసి చూపిస్తారు." అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. "మెడ దగ్గర చిన్న మిషను పెట్టుకుని మాట్లాడటం నేర్పిస్తామంటున్నారు డాక్టరు గారు. ఎంతోమంది నేర్చుకున్నారట. నాన్న ససేమిరా అంటున్నారు. ఒక రోజు పలక మీద, నా గొంతు ఎలా ఉండేదో నాకే గుర్తు రావడం లేదు, అని రాశారు. దాన్ని ఒక్కసారి వినిపించు, తర్వాత నువ్వు చెప్పినట్టు వింటాను, అన్నారు. ఇల్లంతా వెతికితే ఈ ఒక్క క్యాసెట్టే దొరికింది."

"అది కూడా బూజు పట్టి ఉంది," అన్నాడు అతను మెల్లగా. "తుడిచి ఒక్కసారి నడిపించాను. చివరికి వచ్చాక తెగిపోయింది. కంప్యూటర్లోకి ఎక్కిందే మిగిలింది. మీరు దిగులు పడకండి. రేపు అమ్మ ఇంకో డిస్కు చేస్తుంది."

"మళ్ళీ రావాలా?"

"కష్టమైతే నేనే తెచ్చిస్తాను."

"అక్కర్లేదు. నేను పనిచేసే మందుల షాపు నుంచి ఇంటికి ఇదే దారి." గుమ్మం దగ్గర ఆగింది. "మీ చొక్కా తిరగబడింది."

"తెలుసు. ఫ్యాషను."

"మెడ దగ్గర చీటీ వేలాడుతోంది. చల్లటి నీళ్ళలో ఉతకాలట."

అతను మెడ తడుముకునేలోగా ఆమె మెట్లు దిగిపోయింది. అతని ముఖం కందగడ్డలా అయింది. కొడుకు ముఖానికి ఆ రంగు రావడం అమ్మ ఇదివరకు జ్వరంలో తప్ప చూడలేదు. వెంటనే నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

మర్నాడు పొద్దున కొడుకు పనిలోకి వెళ్ళగానే ఆమె స్నానం చేసి, చేతులు రెండుసార్లు తుడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుంది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటే పదాలవుతాయి, పదాలు కూడబలుక్కుంటే ఒక్కోసారి అర్థమవుతుంది. ఇన్నాళ్ళూ ఈ పనిలో ఆమెకు ఏ చిక్కూ రాలేదు. ఖాళీ డిస్కు పెట్టడం, మీట నొక్కడం, నిండాక తీసి మెత్తటి గుడ్డలో పట్టుకుని అట్టలో పెట్టడం. అంతే.

ఈమధ్యే కొడుకు కంప్యూటర్లో కొత్త ప్రోగ్రాం వేశాడు. అప్పటి నుంచి డిస్కు నిండాక అది ఒక ప్రశ్న అడుగుతోంది. మొదటిసారి ఆ వాక్యం విప్పుకోవడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. డిస్కును మూసెయ్యమంటారా? మూసేస్తే ఇక ఇందులో ఏమీ చేర్చలేరు. కింద యెస్, నో అని రెండు గళ్ళు.

ఇది చదివిన మనిషి యెస్ ఎలా నొక్కుతుంది? ఒకసారి మూసేస్తే మళ్ళీ తెరవలేమని మిషనే ముందుగా హెచ్చరిస్తుంటే? తర్వాత ఇంకో ముక్క చేర్చాల్సి వస్తే? పొరపాటు కనిపిస్తే? ఆమె బాత్రూం గడియ కూడా పూర్తిగా వేసుకోదు, బిగుసుకుపోతుందని. అందుకని మొదటి రోజు నుంచీ నిశ్చింతగా నో నొక్కుతూ వచ్చింది. అలిసిపోయి వచ్చే కొడుక్కి ఇంత చిన్న సంగతి చెప్పడమెందుకని చెప్పలేదు.

ఆ రోజు మందులమ్మాయి డిస్కు కాబట్టి ఇంకా శ్రద్ధగా చేసింది. ప్రశ్న రాగానే కళ్ళు మూసుకుని ఆ పెద్దాయన కోసం దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఎప్పటికంటే గట్టిగా నో నొక్కింది.

సాయంత్రం వాన పట్టింది. కొడుకు ఎప్పుడూ లేనిది పెందలాడే ఇల్లు చేరాడు. తల దువ్వుకున్నాడు. చొక్కా ఇస్త్రీ చేసుకుని, తిన్నగా తొడుక్కుని, అద్దంలో ముందూ వెనకా చూసుకున్నాడు. అమ్మ వంటగదిలోంచి ఇదంతా గమనిస్తూనే ఉంది.

అమ్మాయి గొడుగు మడుస్తూ లోపలికి వచ్చింది. "ఇవాళ ఫ్యాషను మారినట్టుంది."

"వానాకాలం కదండీ. చీటీ తడుస్తుందని లోపలికి పెట్టాను."

ఆమె నవ్వింది. అతను డిస్కును కంప్యూటర్లో పెట్టి చూపించాడు. చక్కగా ఆడింది. అందరికీ చోటుందని ఆ గొంతు మళ్ళీ చెప్పింది. పాప జడలు చూసి అతను అడిగాడు, "ఒక జడ పైకి, ఒక జడ కిందికి ఉందేమిటి?"

"పైది మా అత్త వేసింది. కిందది నాన్న. మా అత్త వేసిందే వంకర అంటారు నాన్న, ఇప్పటికీ."

"నాకైతే కిందదే బాగుంది."

"మీకు తిరగేసిన చొక్కా కూడా బాగానే ఉంటుంది కదా."

అమ్మ ఇద్దరికీ టీ ఇచ్చింది. అతను చక్కెర కలపకుండానే చెంచా తిప్పుతున్నాడు. ఆ అమ్మాయి అది చూసి కూడా చెప్పడం లేదు. వంటగదిలోకి వెళ్ళాక అమ్మకు రెండు భయాలు పట్టుకున్నాయి. మనవాడు ఆ పిల్లకు నచ్చకపోతే వీడు ఏమైపోతాడు? ఒకవేళ నచ్చితే, వాళ్ళింట్లో ఒప్పుకోకపోతే ఇద్దరూ ఏమైపోతారు? ఏది తక్కువ భయమో తేల్చుకోలేక గిన్నెలు తోముకుంటూ కూర్చుంది.

మర్నాడు సాయంత్రం అమ్మాయి గొడుగు లేకుండా వచ్చింది. నెత్తి మీంచి నీళ్ళు కారుతున్నాయి. డిస్కు బల్ల మీద పెట్టి నిలబడింది.

"ఇదీ ఆడలేదు."

"నిన్న మీ కళ్ళ ముందే కదా..."

"నా కళ్ళ ముందే. మీ కంప్యూటర్లో. మా ఇంట్లో మాత్రం నల్ల తెర. పక్కింటి ప్లేయర్‌లో వేశాను. అక్కడా అంతే. మొదటిసారి నాన్న తల దువ్వుకుని కూర్చున్నారు. నిన్న కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నారు. ఆయన అట్లా ఎదురుచూసి ఎన్నాళ్ళయిందో. టీవీలో డిస్కు లేదని రాగానే పలక తుడిచేసి గోడ వైపు తిరిగి పడుకున్నారు. పొద్దున్న కూడా లేవలేదు. పలక ముట్టుకోలేదు. ఇక ఆ మిషను గురించి నేనేం చెప్పను?"

అతను బల్ల మీది డిస్కునే చూస్తూ నిలబడ్డాడు.

"మా షాపులో వాళ్ళు ఏమంటున్నారో తెలుసా? నేను మళ్ళీ మళ్ళీ రావాలని మీరు కావాలనే ఇట్లా చేస్తున్నారట. నేను నమ్మలేదు. ఒక్క మాట చెప్పండి. కావాలనే చేస్తున్నారా?"

వెంటనే లేదని చెప్పి ఉంటే సరిపోయేది. వంటగదిలో అమ్మ చేతులు జోడించి, చెప్పరా, చెప్పరా అని లోలోపల వేడుకుంటోంది. కానీ ఆ కొడుక్కి చిన్నప్పటి నుంచీ అబద్ధం చెప్పడం చేతకాదు. సగం అబద్ధం కూడా.

"కావాలని చేయలేదు," అన్నాడు చివరికి. "కానీ మీరు మళ్ళీ వచ్చినప్పుడు నాకు సంతోషమేసింది. అది కాదని చెప్పలేను."

అమ్మాయి ముఖం తెల్లబోయింది. "మా నాన్న గోడ వైపు తిరిగి పడుకుంటే మీకు సంతోషమేసిందా?"

"అది కాదండీ, నేను..."

అప్పటికే ఆమె వానలోకి వెళ్ళిపోయింది. డిస్కు బల్ల మీదే ఉంది. అమ్మ వచ్చి దాన్ని గుడ్డతో తుడిచింది. తడి లేకపోయినా చాలాసేపు తుడిచింది. తన ఇంట్లోంచి వెళ్ళిన వస్తువు ఒక మంచంపట్టిన మనిషిని ఇంకా కుంగదీసిందంటే ఆమెకు అన్నం సయించలేదు.

మర్నాడు కొడుకు సెలవు పెట్టి ఇంట్లోనే కూర్చున్నాడు. కాసేపటికి స్టూడియో ఆయన పెద్ద సంచీ మోసుకుంటూ ఊడిపడ్డాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏం నాయనా, నా కొంప ముంచుదామనుకున్నావా? ఈమధ్య నువ్విచ్చినవి ఒక్కటంటే ఒక్కటి ఆడట్లేదు. పొద్దున్నుంచీ జనం నా షాపు ముందు. పెళ్ళివాళ్ళొకరు, పుట్టినరోజువాళ్ళొకరు."

అమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. కొడుకు మాత్రం కుర్చీలోంచి లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు.

"నిజంగానా? అన్నీనా? ఎవరింట్లోనూ ఆడట్లేదా?"

"ఏమ్మా, నీ కొడుక్కి ఒంట్లో బాగానే ఉందా? నేను తిడుతుంటే నవ్వుతాడేమిటి?"

"థాంక్స్ బాబాయ్. మీరు నా ప్రాణం నిలబెట్టారు. ఆ ఒక్క డిస్కే చెడలేదన్నమాట. తప్పు ఎక్కడుందో కనిపెట్టి అన్నీ బాగుచేసిస్తాను. ముందు ఆ బస్టాండు క్యాసెట్టు వాళ్ళ అడ్రసు ఇవ్వండి, అక్కడికి వెళ్ళాలి."

ఆయన డిస్కుల సంచీ అక్కడే దింపి గొణుక్కుంటూ వెళ్ళాక అతను కంప్యూటర్ తీగలు పీకడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?"

"ఈ డిస్కు మన కంప్యూటర్లోనే ఆడుతోంది కదమ్మా. కారణం తర్వాత వెతుకుదాం. ఇంకో డిస్కు ఇచ్చి ఆ పెద్దాయన్ని ఇంకోసారి మోసం చేయలేను. కంప్యూటర్నే తీసుకెళ్తాను."

"ఈ వానలోనా? షాకు కొడితే? వాళ్ళ వాళ్ళు నిన్ను కొడితే?"

"కొడితే కొట్టనీ."

"అయితే నేనూ వస్తాను," అంది అమ్మ చెప్పులు వేసుకుంటూ.

ఆటోలో కొడుకు టీవీలాంటి ఆ బరువైన తెరను కడుపుకి హత్తుకుని కూర్చున్నాడు. తన రెయిన్‌కోటు విప్పి కంప్యూటర్ పెట్టెకు తొడిగి, వాడు తడిసి ముద్దయ్యాడు. అమ్మ కీబోర్డును తువ్వాలులో చుట్టి పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుంది. దారిలో గుంత వచ్చినప్పుడల్లా దాని వీపు నిమిరింది.

అమ్మాయి తలుపు తీసింది. చాలాసేపు చూసింది.

"ఏమిటిది?"

"కంప్యూటర్."

"అది కనిపిస్తోంది. రెయిన్‌కోటు ఎందుకు వేసుకుంది?"

"దానికి వాన పడదు."

ఆమె పెదవి చివర ఏదో కదిలింది. వెంటనే కోపం గుర్తొచ్చింది. "నేను మిమ్మల్ని రమ్మనలేదు."

"మీ నాన్నగారి కోసం వచ్చాను. మీరు నాతో మాట్లాడక్కర్లేదు. ప్లగ్గు ఎక్కడుందో చూపించండి చాలు."

ఆమె మాట్లాడకుండా ప్లగ్గు చూపించింది.

లోపలి గదిలో మంచం మీద ఆయన గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు. మెడ చుట్టూ తెల్లగుడ్డ. తీగలు లాగుతున్న చప్పుడు విన్నా ఈ పక్కకి తిరగలేదు. అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడింది. ఆ గొంతు విని ఆయన ఇంకా కుమిలిపోతే? పోయినదాన్ని గుర్తుచేశామని తిట్టుకుంటే? ఆగరా అని చెప్పబోయేలోగా కొడుకు మీట నొక్కేశాడు.

"ప్రయాణికులకు మనవి."

ముందు ఆయన భుజం కదిలింది. తర్వాత చెయ్యి మంచంపట్టె మీద ఆనింది. ఆయన లేచి కూర్చున్నారు. తెర మీది మనిషి మాట్లాడుతుంటే ఈయన పెదవులు కూడా కదలడం మొదలుపెట్టాయి. ఒక్క మాట వెనకబడలేదు. ఒక్క మాట ముందుకు పోలేదు. అందరికీ చోటుందన్న చోట పెదవులు నవ్వాయి.

అయిపోగానే పలక కోసం చెయ్యి చాచారు. మళ్ళీ, అని రాశారు. మళ్ళీ వేశారు. ఇంకోసారి, అని రాశారు. ఆ తర్వాత రాయడం కూడా మానేసి వేలు గుండ్రంగా తిప్పి చూపించారు. అమ్మాయి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని మోకాలి మీద తల పెట్టుకుంది. ఎన్నిసార్లు విన్నారో ఎవరూ లెక్కపెట్టలేదు.

కాస్త తేరుకున్నాక అతను లేచాడు. "ఇప్పుడు ఇక్కడే కొత్త డిస్కు చేసి, మీ టీవీలో వేసి చూద్దాం. ఎక్కడ చెడుతోందో తెలియాలి. అమ్మా, నువ్వు అటు చూసుకో. నేను ప్లేయర్‌ తీగలు సరిచేస్తాను." టీవీ వెనక దూరాడు.

అమ్మ కంప్యూటర్ ముందు కూర్చుంది. అమ్మాయి పక్కన నిలబడింది. డిస్కు నిండింది. ప్రశ్న వచ్చింది. అమ్మ అలవాటుగా నో నొక్కింది.

"ఆంటీ, ఇప్పుడు నో ఎందుకు నొక్కారు?"

"ఎప్పుడూ అదే కదమ్మా నొక్కేది."

టీవీ వెనక నుంచి కొడుకు తల బయటికి వచ్చింది. "ఏది ఎప్పుడూ నొక్కేది?"

"అదే నాన్నా, చివర్లో అడుగుతుంది కదా. మూసెయ్యనా, మూసేస్తే ఇంకేమీ చేర్చలేవు అని. అలాంటి పని నేనెందుకు చేస్తాను? ఎందుకొచ్చిన గొడవని నో అంటాను."

"స్టూడియో ఆయనవి కూడానా?"

"అన్నిటికీనూ."

అతను ఉన్నచోటే నేల మీద కూలబడ్డాడు. "అమ్మా, మూయకపోతే ఆ డిస్కు ఎక్కించిన కంప్యూటర్లో తప్ప ఇంకెక్కడా ఆడదు. పాత ప్రోగ్రాం దానంతటదే మూసేది. కొత్తది అడుగుతుందని నేను నీకు చెప్పలేదు. నేనూ ఎప్పుడూ మన కంప్యూటర్లోనే వేసి చూశాను."

అమ్మకు ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. తన వేలు, ఈ ముసలివేలు, ఈ మంచి మనిషిని రెండుసార్లు నిరాశపరిచి గోడ వైపు తిప్పింది. అంతలో మంచం మీంచి తిత్తిలోంచి గాలి పోతున్నట్టు వింత చప్పుడు వచ్చింది. ఆయన మెడ పట్టుకుని ఊగిపోతున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి.

"అయ్యో, ఊపిరాడట్లేదు, నీళ్ళు తేండి," అంటూ లేచింది అమ్మ.

"లేదు ఆంటీ." అమ్మాయి ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. "నవ్వుతున్నారు. నాన్న నవ్వుతున్నారు."

ఆపరేషన్ అయ్యాక ఆయన ఇలా నవ్వడం అదే మొదలు. నవ్వుతూనే పలక అందుకుని గబగబా రాసి చూపించారు. ఈవిడ గనక బస్టాండులో ఉండి ఉంటే ఒక్క బస్సు కూడా బయలుదేరేది కాదు.

అమ్మ అది కూడబలుక్కుని చదివి, ముందు సిగ్గుపడి, తర్వాత చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని తనూ నవ్వింది. కొడుకు ఆ ప్రశ్నను మళ్ళీ తెప్పించాడు. అమ్మాయి అమ్మ వేలి మీద తన వేలు వేసి, ఇద్దరూ కలిసి యెస్ నొక్కి ఆ డిస్కును మూసేశారు. టీవీలో వేస్తే, ఈసారి తెర నల్లగా లేదు.

వాన సన్నబడింది. ఇద్దరూ వసారాలోకి వెళ్ళారు. అమ్మ లోపల తీగలు చుడుతోంది. చెవులు మాత్రం అక్కడే ఉన్నాయి.

"నిన్న అలా అన్నందుకు ఏమీ అనుకోకండి."

"మీరు అన్నదాంట్లో సగం నిజమే కదా."

"ఏ సగం?"

"మీరు మళ్ళీ రావాలని నేను అనుకోవడం."

"రాకపోయి ఉంటే ఏం చేసేవాళ్ళు?"

"మీ షాపుకి వచ్చి రోజూ ఒక తలనొప్పి మాత్ర కొనేవాణ్ణి."

"రోజూ తలనొప్పి వస్తే డాక్టరుకి చూపించుకోవాలి."

"ఇప్పుడే కాస్త తగ్గిందండీ."

అమ్మ తీగ చుట్టడం ఆపేసింది.

"థాంక్స్," అంది అమ్మాయి.

"డిస్కుకా? అది మా పూచీ."

"డిస్కుకి కాదు. మాట్లాడక్కర్లేదు, ప్లగ్గు చూపించండి చాలు అన్నారు చూడండి, దానికి. మీ మీద అంత అరిచి వచ్చాను. మీరు తడుస్తూ వచ్చి నన్ను ఒక్క మాట అడగలేదు. నన్ను నా కోపంతోనే ఉండనిచ్చారు." కాస్త ఆగింది. "ఉండలేకపోయాననుకోండి."

"ఇంతకీ ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"మాట్లాడుతూనే ఉన్నారుగా. ముందు తల తుడుచుకోండి. జలుబు చేస్తే మందులు నేనే ఇవ్వాలి."

స్టూడియో ఆయన సంచిలోని డిస్కులన్నీ మళ్ళీ పెట్టి, అమ్మ ఒక్కొక్కటీ మూసింది. ప్రతిదానికీ ముందు కొడుకును పిలిచి అడిగింది. వాడు విసుక్కోలేదు. ఆ అమ్మాయి షాపు నుంచి వెళ్తూ వెళ్తూ ఆగి, తనూ కాసేపు పక్కన కూర్చుని మూసి వెళ్ళేది. మూయాల్సినవి అయిపోయాక కూడా ఆగడం మానలేదు. ఎందుకు వచ్చావని అమ్మ అడగలేదు. టీలో చక్కెర మాత్రం తనే కలిపి ఇవ్వడం మొదలుపెట్టింది.

వానలు తగ్గుముఖం పట్టిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఫోను మోగింది. ఎత్తితే అవతల గరగరమని చప్పుడు. మనిషి గొంతో, మిషనో తెలియలేదు. లారీ ఏమైంది? లిఫ్టు ఏమైంది?

"చెల్లె...మ్మా."

"ఎవరండీ? ఏం జరిగింది?"

"నేను. బస్...టాండు."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. ఒక్కో మాటా కిందినుంచి తోడి తెస్తున్నట్టుగా వస్తోంది. మధ్యమధ్య చాలా ఖాళీలు. అయినా ప్రతి మాటా స్పష్టంగానే ఉంది.

"అన్నయ్యగారూ, మీరేనా మాట్లాడేది? నోటితోనే?"

"మిషను తోనే. రోజూ... నేర్చుకుంటున్నా. ముందు ఇంట్లో... అమ్మాయితో. బయటివాళ్ళతో... మీతోనే మొదలు. మీ అబ్బాయి... మా ఇంటికి కంప్యూటరు తెచ్చాడు. మా అమ్మాయిని... మీ ఇంటికి ఇద్దామనుకుంటున్నా. మీకు... ఇష్టమేనా?"

వాడికి సరైన వేళకి తిండి కూడా తెలియదు, లిఫ్టు పని ప్రమాదం, నాకు ప్రతిదానికీ భయం, మీ అమ్మాయి వేగలేదేమో అని చెప్పాల్సినవన్నీ ఆమె నాలుక చివరికి వచ్చాయి. ఒక్కటీ బయటికి రాలేదు.

"మీ గొంతు చాలా బాగుంది అన్నయ్యగారూ," అంది ఏడుస్తూ. "ఇష్టమేనండీ. మాకు చాలా ఇష్టం. వాళ్ళ నాన్న రాగానే వస్తాం."

ఫోను పెట్టాక అలాగే కూర్చుండిపోయింది. థాంక్స్ ఆ డాక్టరుకి చెప్పుకోవాలో, తెగిపోయే ముందు ఒక్కసారి చివరిదాకా నడిచిన ఆ టేపుకి చెప్పుకోవాలో, గుమ్మంలో నిలబడి తిట్టిపోసిన స్టూడియో ఆయనకి చెప్పుకోవాలో తెలియక, ఎదురుగా ఉన్న కంప్యూటర్ పూలగుడ్డకే దణ్ణం పెట్టుకుంది. తర్వాత కొడుకు నంబరు నొక్కింది.

"ఒరేయ్ నాన్నా, ఎక్కడున్నావు?"

"ఏడో అంతస్తులో. ఏమైందమ్మా?"

"ఏమీ కాలేదు. అంతా బాగుంది."

"అమ్మా, నిజం చెప్పు. అంతా బాగుందని నువ్వు అంటుంటే నాకు భయమేస్తోంది."

"నిజంరా. వాళ్ళ నాన్నగారు ఫోన్ చేశారు. ఆయనే, సొంతంగా మాట్లాడారు. నీ గురించి అడిగారు."

"ఏమన్నారు? నువ్వేమన్నావు?"

"ఏమన్నారో ఆ పిల్ల చెబితేనే అందంగా ఉంటుంది. షాపు దగ్గరికి వెళ్ళు. నిదానంగా వెళ్ళు. మెట్ల మీంచి దిగు నాన్నా, లిఫ్టులో వద్దు."

"అమ్మా, దాన్ని బాగుచేసింది నేనే."

"అందుకే చెబుతున్నాను," అంది అమ్మ.